అత్త ఆనుకున్న గోడ

పుంగనూరుకు కొంచెం దూరంలో మా మేనత్తకు ఒక మట్టిమిద్దె ఉంది. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడుమన్ను పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టేవాళ్లు. ఆ మన్ను నీళ్లను లోపలికి దిగనివ్వదు. నేను మదనపల్లెలో ఉద్యోగం చేసుకుంటూ, ఇంజనీరింగ్ చదివిన ధైర్యం కొద్దీ ఆ మట్టిగోడలకు లోపలా బయటా ఇనుపవల కొట్టించి సిమెంటు పూయించాను. ఇక మిద్దె మీద చౌడుతో కూడా పని లేదని ప్రకటించాను. ఊరివాళ్లు చూసి బాగుందన్నారు. మా ఊళ్లో బాగుందంటే ఇంకా కూలలేదని అర్థం.

మూడో ఏడు ముసురు పట్టింది. వెళ్లి చూస్తే గోడ మీద ఒక్క మరక లేదు. నాకు కొంచెం గర్వంగా కూడా ఉండింది. పడమటి గోడ మీది చీమలు మాత్రం గుడ్లు మోసుకుని, వానలోనే వాకిలి దాటి వెళ్లిపోయాయి. కొట్టం కారుతోందని ఆవును ఆ గోడ పక్కకు లాగితే అది రాలేదు, తడుస్తూ నిలబడింది. ఆవు సివిల్ చదవలేదు గనక నేను పట్టించుకోలేదు.

నేను మదనపల్లెకు తిరిగొచ్చాక అత్త ఫోన్ చేసింది.

"గోడలో ఎవురో మన్ను జల్లిస్తాండారప్పా. సన్నగా ఇనబడతాండాది."

"ఎలకలేమోలే అత్తా."

"ఎలకలైతే పైకీ పోతాయి, కిందికీ పోతాయి. ఇది కిందికే పోతాండాది."

వాన వెలిసిన ఆదివారం, కుప్పం వైపు నుంచి ఒక పాతకాలపు మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఎండ చక్కగా కాస్తోంది. ఆయన పడమటి గోడను బయటినుంచి వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, ఇంకో చోట తట్టాడు.

"సార్, గోడ యాడ?"

"ఇదే కదా."

"ఇది పూత. నేను గోడ యాడని అడగతాండాను."

ఛాతీ ఎత్తున ఉలితో మెల్లగా కన్నం చేశాడు. మన్ను రాలలేదు. చల్లని గాలి వచ్చింది, పాడుబావి వాసనతో. చెయ్యి పెట్టమన్నాడు. మోచెయ్యి దాకా పోయింది, ఏమీ తగల్లేదు. భుజం దాకా పెట్టాను. అప్పుడు వేళ్లకు లోపలివైపు పూత వెనకభాగం తగిలింది.

అది వెచ్చగా ఉంది. పైగా, చాలా కొద్దిగా, ముందుకూ వెనక్కూ కదులుతోంది.

నాకు విషయం అర్థం కావడానికి రెండు ఊపిర్లు పట్టింది. రెండూ నావి కావు. ఆ గోడ అవతల మంచం మీద కూర్చుని, వీపు ఆనించి, అత్త రోజూలాగే కాపీ తాగుతోంది. చౌడు లేని మిద్దెలోంచి గోడలోకి దిగిన నీళ్లకు బయటికి దారి లేక, రెండు పూతల మధ్య మన్ను కరిగి కిందికి జారిపోయింది. ఆమెకూ నా వేళ్లకూ మధ్య ఉన్నది అంగుళం సిమెంటు. అత్త ఆనుకుని ఉందని మేస్త్రికి సైగ చేశాను.

"కేక పెట్టొద్దు సార్," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "ఉలిక్కిపడి వెనక్కి తోసిందంటే లోపలికి పోతాది."

కన్నం దగ్గర నోరు పెట్టి, మామూలుగా మాట్లాడినట్టు పిలిచాను. "అత్తా."

కదలిక ఆగిపోయింది.

"ఎవురది, గోడలో?"

"నేనే."

"ఆడికి యాల పొయినావప్పా?"

"చెప్తాను. ముందుకు వంగి మెల్లగా లెయ్. ఎనక్కి ఆనుకోవద్దు."

"ఉండు, కాపీ అయిపోనీ." నవ్వింది. ఆ నవ్వు చెవికంటే ముందు నా వేళ్లకు తెలిసింది. ఇసుక జారి మణికట్టు మీద పడింది.

"కాపీ తెచ్చుకో. బయట తాగుదాం."

చాలాసేపటికి ఆ వెచ్చదనం తొలగిపోయింది. మంచం కిర్రుమంది, తలుపు చప్పుడైంది. నేను మాత్రం అరచెయ్యి అలాగే ఆనించి ఉన్నాను.

"చెయ్యి తియ్యండి సార్. దాన్ని మీరే మోస్తాండారనుకుంటాండారా?"

తీశాను. లోపలి పూత, గుడ్డ జారినట్టు, మంచం మీదికి కూలింది. పెద్ద శబ్దం కూడా రాలేదు. దూలాలు గోడల మీద కాక కొయ్య కంబాల మీద ఉన్నందున మిద్దె నిలిచింది. బయటి పూత, మా ముందు, తెల్లగా నిలబడే ఉంది.

అత్త వాకిట్లో లోటా పట్టుకుని ఆ కన్నంకేసి చూస్తోంది.

"లోపల ఇంకెవురూ లేరు కదా?"

లేరన్నాను. అయినా ఆమె ఇంకాసేపు చూస్తూనే ఉంది.