తిరిగొచ్చిన నవల

పెద్ద పుస్తకాల షాపు నుంచి అమ్ముడుపోని కాపీల పెట్టె తిరిగొచ్చిన రోజున కథల మాస్టారు ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. నేలమీద బాసింపట్టు వేసుకుని, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు ఎగదోసుకుంటూ, చిన్న ప్రెస్సులో అచ్చేయించుకున్న తన నవల అట్టల మీద షాపువాళ్ళు అతికించిన ధర చీటీలను కిరసనాయిలు అద్దిన దూదితో ఒలుస్తూ కూర్చుంటారు. గోరు పెడితే అట్ట లేచిపోతుందని ఆయన భయం. ఈసారి ఒక కాపీ బాగా నలిగి ఉంది. దాని చీటీ కూడా ఒలిచి తెరిస్తే, కొన్ని పేజీలకోసారి కొస మడత కనిపించింది. ఎవరో కొనకుండా, వచ్చినప్పుడల్లా షాపులోనే నిలబడి కాస్త కాస్త చదువుకున్నారు. చివరి మడత ఆఖరి అధ్యాయానికి ముందే ఆగిపోయింది.

"అయ్యో, ముగింపు దాకా రానివ్వకుండానే తీసేశారే," అన్నారు భార్యతో.

"కొనని మనిషి మీద మీకెందుకండీ అంత జాలి?" అందావిడ.

మాస్టారు ఆ కాపీని సంచిలో వేసుకుని షాపుకెళ్ళారు. ఒకప్పుడు తన నవల ఉన్న అరలో ఇప్పుడు వంటల పుస్తకాలున్నాయి. అటూ ఇటూ చూసి, వాటి మధ్య దాన్ని దూర్చి, దొంగలా బయటపడ్డారు. మెట్లు దిగుతుంటే సెక్యూరిటీ గార్డు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మీ పుస్తకం మర్చిపోయారు!"

"నాదేనని ఎలా తెలిసింది?"

"మా సరుకైతే ధర చీటీ ఉంటుంది కదండీ. పైగా వెనక మీ ఫొటో ఉందిగా!"

ఆ షాపులో తన మొహం గుర్తుపట్టిన మొదటి మనిషికి నమస్కారం పెట్టి, మాస్టారు పుస్తకాన్ని మళ్ళీ సంచిలో వేసుకున్నారు.