ఇంజను ఆపకుండా తిన్న పెళ్లి భోజనం

కొన్నాళ్లుగా మా కారు పొద్దున్నే స్టార్ట్ చేస్తే మూలుగుతోంది. హెడ్‌లైట్లు కూడా మసకబారాయి. బ్యాటరీ మార్చాల్సిందేనని తెలిసినా, అనంతపురం వెళ్లొచ్చాక చూద్దామనుకుని విజయవాడలో బయల్దేరాను.

శింగనమల దారిలో నారాయణప్ప అనే పెద్దాయన చెయ్యి ఎత్తి కారు ఆపి ఎక్కాడు. ధర్మవరంలో మగ్గం నేస్తాడట. మేనకోడలి పెళ్లికి తనే నేసిన ముహూర్తం చీర పట్టుకెళ్తున్నాడు. మధ్యలో టీకి ఆగాం. మళ్లీ తాళం తిప్పితే టక్‌టక్‌మనడమే తప్ప ఇంజను కదల్లేదు.

ఇంతలో బస్సు వచ్చింది. నారాయణప్ప రోడ్డుకు అడ్డంగా నిలబడి దాన్ని ఆపాడు.

"ముహూర్తం దాటిపోతుంది, మీరు బస్సులో వెళ్లండి" అన్నాను.

"నిన్ను ఈడ ఎండలో ఇడిసిపెట్టి యాడికి పోయేదప్పా?" అని నన్నే గదమాయించి, బస్సులోకి తల పెట్టి అరిచాడు. "దిగండప్పా, కారు తోయాల!"

డ్రైవరుతో సహా అందరూ దిగారు. నన్ను తిడుతూనే తోశారు.

"సచ్చిన బ్యాటరీ పెట్టుకుని ఊర్లు తిరుగుతాండావే, ఏం మనిషివన్నా!"

ఇంజను అందుకుంది. చీర వేళకే పెళ్లింటికి చేరింది. నేను వెళ్లబోతుంటే పెళ్లికూతురి నాయన కారుకు అడ్డం వచ్చాడు.

"తినకుండా యాడికి పోతావు?"

"ఇంజను ఆపితే మళ్లీ స్టార్ట్ కాదండీ."

"ఆపొద్దులే."

కిటికీలోంచి విస్తరి నా ఒళ్లోకి వచ్చింది. ఓళిగల మీద, అదే మా వైపు బొబ్బట్ల మీద, నెయ్యి పోసిన ముసలమ్మ గుర్రుగుర్రుమంటున్న ఇంజను చప్పుడు కాసేపు విని, దిగులుగా అడిగింది.

"ఆకలికి అరుస్తాండాదేమో నాయనా, దానికేం పెడతారు?"