ఎవరికీ చెప్పని మొక్కు

మా పాప డెంగీతో సంగారెడ్డి దవాఖానలో ఉన్న నాలుగో రోజున మా అమ్మ పోచమ్మకు మేకపోతును మొక్కింది. మొక్కిన సంగతి ఫోన్ చేసి చుట్టాలందరికీ చెప్పింది కూడా. అదే రోజు వార్డు బయట కుర్చీలో కూర్చుని నేనూ ఒకటి మొక్కుకున్నాను. నాది ఎవరికీ చెప్పలేదు. పాప బతికితే మా తమ్ముడితో మాట్లాడతానన్నది నా మొక్కు.

వాడితో మాటలు బంద్ అయి అప్పటికి ఆరేళ్ళు. నాన్న దహనానికి వాడు రాలేదు. వాడు కిరాయికి ఉండే ఇస్నాపూర్‌కూ రుద్రారంలోని మా ఇంటికీ ఎంత దూరమని? ఆటో ఎక్కి సర్దుకుని కూర్చునేలోపు దిగాల్సి వస్తుంది. మర్నాడు వచ్చి గడప దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. ఎందుకు రాలేదో నేను అడగలేదు. అడిగితే ఏదో కారణం చెబుతాడు, కారణం వింటే నా కోపం తగ్గుతుంది. తగ్గడం నాకిష్టం లేదు. నాన్న కోసం నేను చేయగలిగింది ఆ కోపాన్ని కాపాడుకోవడమేనని అనుకునేవాణ్ని.

పాప బతికింది. ఇంటికొచ్చి చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తింది. నేను రేపు, ఎల్లుండి అంటూ నా మొక్కును దాటేస్తూ వచ్చాను. అమ్మ మాత్రం తనది మరిచిపోలేదు. ఆదివారం చూసి మేకను తెమ్మంది.

పటాన్‌చెరులో మేకలు అమ్మే ఒక ముస్లిం పెద్దాయన దగ్గర కొన్నాను. కోసేది ఎప్పుడని అడిగాడు. రేపేనన్నాను. ఆయన దాని మెడ నిమురుతూ, "మా దాంట్ల గిట్ల కాదు సార్. బక్రీద్‌కు ముందే తెచ్చి ఇంట్ల పెట్టుకుంటం. పిల్లలు చేతులతోటి మేపుతరు. ఇయ్యబుద్ధి గానప్పుడు ఇస్తేనే అది కుర్బానీ" అన్నాడు. నాకు చిరాకు వేసింది. బేరానికి వచ్చినవాడికి ఈ బోధలెందుకు? ఆ మాట మాత్రం ఇంటిదాకా నాతోనే వచ్చింది.

మా దగ్గర పోచమ్మకిచ్చే మేక తనంతట తాను ఒప్పుకోవాలి. వీపు మీద, చెవుల్లో పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళంతా విదిలిస్తే అమ్మవారు తీసుకుంటానన్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు. మర్నాడు గుడి ముందు మా మేక విదిలించలేదు. చెంబు తర్వాత చెంబు పోస్తూ బిందె ఖాళీ చేశాం. అది తాపీగా వేపమండ నములుతూ నిలబడింది. అలాంటప్పుడు ఇంటివాళ్ళలో ఎవరో మనసులో ఏదో దాచుకున్నారని లెక్క. అమ్మ అందరి ముఖాలూ చూసింది.

"ఎవల కడుపుల ఏమున్నదో పోచమ్మకు చెప్పుండ్రి" అంది.

ముందు మా మేనత్త చెంపలేసుకుంది. బోనం వండుతూ ఉప్పు చూశానని చెప్పింది. నా భార్య, కొబ్బరికాయ చాలదా, మేకెందుకని మనసులో అనుకున్నానంది. మేక కదల్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అందరి వెనక్కి జరిగాను. చెబితే అమ్మ అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ కలుపుతుంది. చెప్పకపోతే పాపకు మళ్ళీ ఏమవుతుందోనని భయం. అమ్మవారికి కావాల్సింది మేకా, నా పంతమా? పంతమే కావాలంటే ఈ మేక ఏం పాపం చేసింది? అసలు ఆ కోపం నాదా, నాన్నదా? నాన్నదైతే ఇచ్చేయడానికి నేనెవణ్ని? ఏదీ తేలలేదు. చివరికి చెప్పేద్దామని నోరు తెరిచాను.

మేక విదిలించింది. ఆ నీళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. డప్పు మోగింది, అంతా క్షణంలో అయిపోయింది. మొక్కు తీరిందని అమ్మ ఏడ్చింది. నాకేమో చచ్చిన మేక మీద కోపం వచ్చింది. ఇంకొక్క నిమిషం ఆగితే చెప్పేవాణ్ని. నిజంగా చెప్పేవాణ్నా అంటే, ఏమో.

మధ్యాహ్నం అమ్మ టిఫిన్ డబ్బాలో కూర పెట్టి నా చేతికిచ్చింది. తమ్ముడి పాలు తమ్ముడికి చేరాల్సిందేననీ, మాట్లాడకపోతే మానెయ్యమనీ, డబ్బా మాత్రం ఇచ్చి రమ్మనీ చెప్పింది.

ఇస్నాపూర్‌లో వాడి గది తలుపు తట్టాను. ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు. డబ్బా అందించాను. మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాడు.

"పాప మంచిగున్నదా అన్నా?" అన్నాడు. తలూపాను.

"నేను ముక్క ముడ్తలేను. పాప దవాఖానల ఉన్నప్పుడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కుకున్న. బతికున్నన్ని రోజులు ముట్టనని."

మా ఇంట్లో మాంసమంటే అంత ప్రాణం పెట్టేవాడు ఇంకొకడు లేడు. చిన్నప్పుడు నా కంచంలో ముక్కలు కూడా లాక్కునేవాడు. నేను ఆరేళ్ళుగా పలకరించని మనిషి నా బిడ్డ కోసం అది వదిలేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. సిగ్గుతో నా తల వాలిపోయింది.

కూర్చోమని పప్పు, మామిడికాయ తొక్కు వేసి అన్నం పెట్టాడు. తిన్నాను. పాప బడి గురించి, వాడి కంపెనీలో షిఫ్టుల గురించి మాట్లాడుకున్నాం. లేవబోతుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాయిన పోయిన్నాడు ఎందుకు రాలేదో అడుగవా అన్నా?"

"వద్దు తమ్మీ" అన్నాను.

కోపం పోయి అలా అన్నానో, పోకూడదని అన్నానో, ఆ మాటతో నా మొక్కు తీర్చానో, ఎగ్గొట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.