అద్దెకొచ్చిన మొగుడు

దర్జీ ఆవిడకి ఇవాళ అరికాలి మంట నెత్తికెక్కింది.

పరాయి దేశం వెళ్ళాలని మొగుడూ పెళ్ళాం ఫ్రెంచి నేర్చుకుంటున్నారు. రోజూ కుట్టుమిషను పక్కన కూర్చుని పాఠంలోని సంభాషణలు వల్లె వేస్తారు. లిఫ్టులు బాగుచేసే మొగుడుగారు ప్రతిసారీ డాక్టరో, యజమానో, ఇంటి ఓనరో అవుతాడు. ఆవిడేమో రోగి, పనిమనిషి, అద్దెకొచ్చిన మనిషి.

ఇవాళ క్లాసులో పంతులమ్మ ఆవిణ్ణి ఓనరుగా నిలబెట్టి, అద్దెకొచ్చినవాళ్ళని ప్రశ్నలు అడగమంది. ఆవిడకి వచ్చినవల్లా సరేనండి, క్షమించండి, అలాగేనండి. అద్దెకొచ్చినవాళ్ళకే అవి అప్పజెప్పింది.

"మా ఆవిడకి నోట్లో నాలుక లేదులెండి" అని మొగుడు పకపకా నవ్వాడు.

ఇంటికొచ్చాక ఆవిడ ముందు లోపలికెళ్ళి గడియ పెట్టేసింది.

"తలుపు తియ్యవే."

"ఇవాళ నేను ఓనర్ని. నువ్వు అద్దెకొచ్చావు. ఫ్రెంచిలో అడుగు."

మొగుడు తలుపు దబదబా బాదాడు. ఇన్నాళ్ళలో ఆ భాషలో బతిమాలే మాట ఒక్కటీ పలికిన పాపాన పోలేదు మరి. చివరికి తెలుగులోకి దిగాడు.

"ఆకలేస్తోందే, నీకు దణ్ణం పెడతాను."

రోజూ ఓనరు హోదాలో అతగాడు ఆవిడకి చెప్పిన జవాబే, తలుపు వెనకనుంచి చక్కని ఫ్రెంచిలో వినిపించింది.

"రేపు రండి."