మా పడవలో ఆమె బావ

మా పడవలో, మా ఇద్దరి సెలవు ప్రయాణంలో, మా ఆవిడ చుక్కాని తీసి తన బావ చేతికి ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. నా కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. నన్ను ముందువైపు పోయి కూర్చోమని చెప్పింది కూడా తనే.

ఇది అన్యాయం. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఆ పడవ ఊరికే రాలేదు. నేను తమిళనాట ధర్మపురిలో గోడలు కట్టి బతికిన మేస్త్రీని. బడి ముఖం ఐదో తరగతి దాకే చూశాను, అదీ తమిళంలో. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నాకు నేనే దిద్దుకున్నాను. తెరచాప సంగతులు పాత కాగితాల అంగట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మేట్టూరు డ్యాం నీళ్ల ఒడ్డున, నాగమరై రేవులో ఒక జాలరి వదిలించుకోవాలనుకున్న పడవను కొన్నాం. దానికి వెదురు స్తంభం నిలబెట్టాను. తెరచాప మాత్రం ఇద్దరం కలిసి కుట్టాం. మా ఊరు చెట్టికరైలో మా మిద్దె మీద పందిరి గుడ్డ పరిచి ఆ అంచు నుంచి ఆమె, ఈ అంచు నుంచి నేను.

మార్గశిరంలో నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండ మెత్తగా ఉంటుంది. నాలుగు రోజులు పోయి వద్దాం, మనమిద్దరమే, అన్నాను. "మనమిద్దరమే" అంది ఆమె కూడా. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

ఆ బావ సంగతి చెప్పాలి. ఆమె మేనమామ కొడుకు, నాగమరైలోనే ఉంటాడు. మేము లేనప్పుడు పడవను కనిపెట్టుకుని ఉండేది ఆయనే. మా వాళ్లలో మేనబావ ఉండగా పిల్లను బయటివాడికి ఇవ్వాలంటే, ముహూర్తానికి ముందు ఆ బావను పీట మీద కూర్చోబెట్టి అందరి ఎదుటా తాంబూలం ఇవ్వాలి. ఆయన తీసుకుంటేనే పెళ్లి. వద్దంటే పెళ్లికొడుకు తలపాగా తీసి చంకలో పెట్టుకుని ఇంటికి పోవలసిందే.

నేను చుట్టరికం లేని బయటివాణ్ణి. వాళ్లింటికి ప్రహరీ గోడ కట్టడానికి పోయి, ఆమెను చూసి, పెద్దల చేత అడిగించాను. ఆయన తాంబూలం తీసుకున్నాడు. కానీ నమల్లేదు. ఆకులు అట్లాగే తువ్వాలు కొసన ముడి వేసుకోవడం నేను చూశాను. ఆమె ఆ రోజూ ఏమీ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. అప్పటి నుంచి నాకు ఒకటే ముల్లు: ఈమె నన్ను కోరి వచ్చిందా, ఆయన వదిలేస్తే నాకు దక్కిందా?

ఇక మొదటి రోజు జరిగింది వినండి. మధ్యాహ్నం గాలి పడిపోయింది. పడవ మెల్లగా జరిగి నీట మునిగిన తుమ్మచెట్ల మధ్య చిక్కుకుంది. గాలి లేనప్పుడు ఓపిక పట్టాలని పుస్తకంలో ఉంది. నేను పట్టాను. ఆమె ఫోను పట్టింది.

"బావా, యాడుండావు? ముండ్ల చెట్లలో తగులుకున్నాము, బిరీన రా."

పరిసల్ వేసుకుని వచ్చాడు. గుండ్రటి వెదురు పుట్టిని మా వైపు పరిసల్ అంటాం. దాన్ని మా పడవకు కట్టి, చెప్పులతోనే ఎక్కాడు.

"అన్నా, ఈ తుమ్మచెట్టు పుస్తకంలో రాయలేదా?"

"పుస్తకం రాసినోడు నాగమరైకి రాలేదు."

"వచ్చుంటే వాడూ తగులుకుని ఉండునులే. ఏమే పిల్లా, నీ పెనిమిటిని ముందరికి పొమ్మను, బరువు ఆ పక్కకు పోనీ."

మనవళ్లను ఎత్తుకున్న ఆడమనిషిని పిల్లా అంటాడు! కోప్పడాలి కదా? నవ్వింది. "ఇదో, మీరు ముందరికి పోయి కూచోండి. బావా, ఇది నువ్వు పట్టు" అని చుక్కాని అందించింది.

ఆయన ఏమీ చేయలేదు, కూర్చున్నాడు, అంతే. అంతలో గాలి తనంతట తానే లేచింది. పడవ బయటపడింది. పేరు ఆయనకు వచ్చింది. బయటపడ్డాక దిగిపోవచ్చు కదా? సాయంత్రం దాకా దిగలేదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఎవరి తోటలో చెరకు విరిచారో, ఎవరి కుక్క తరిమిందో, అన్నీ నేను లేని ముచ్చట్లే. రాగి సంగటి ముద్ద కూడా మొదట ఆయనకే పెట్టింది. నేను వాళ్లకు వీపు పెట్టి, ముడి అవసరం లేని తాడుకు ముళ్లు వేస్తూ కూర్చున్నాను.

ఆయన పరిసల్ విప్పుకుని పోయాక అడిగాను.

"చుక్కాని ఆయప్పకెందుకు ఇచ్చినావు?"

"సంగట్లో ఉప్పు చాలిందా?"

మరుసటి రోజు మళ్లీ అడిగాను. "ఆయప్ప రాకుంటే మనం బయటపడమా?"

"పడతాము."

"మరి?"

"ఎండ నెత్తికొచ్చింది, తలకు గుడ్డ కట్టుకోండి."

మూడో రోజు నేను అసలు మాట్లాడలేదు. అది శిక్ష అని ఆమెకు తట్టినట్టు లేదు. నీటికాకులను చూపిస్తూ ఇద్దరి మాటలూ తనే మాట్లాడింది.

చివరి రోజు రేవుకు చేరి తెరచాప దించాం. చీర మడత పెట్టినట్టు రెండు కొసలు ఆమె, రెండు కొసలు నేను పట్టుకుని నిలబడ్డాం. ఇక ఆగలేకపోయాను. చుక్కాని మాట వదిలేసి అసలు మాట అడిగాను.

"పెండ్లి పొద్దు ఆయప్ప తాంబూలం వద్దనుంటే ఏం చేసుందువు? నిజం చెప్పు."

ఆమె గుడ్డ మడత సరిచేసుకుంటూ అంది:

"వద్దంటాడనే కదా, ముందు రోజే కొట్టంలోకి పిలిచి, 'తీసుకో బావా, నాకు ఆ గోడ కట్టే ఆయప్పే కావల్ల' అని కాళ్లు పట్టుకున్నాను. ఏడ్చినాడు. ఏడ్చి సరే అన్నాడు. ఆ మనిషికి నేను అంత పని చేసుండాను, ఒక పూట ఆ కట్టె చేతికిస్తే మీకేం తక్కువైపోయింది? ఆ కొస ఎత్తి పట్టుకోండి, నేల రాస్తా ఉంది."