దాదీ చూసిన నెలపొడుపు

ఈ రోజు రంజాన్ ఇరవై తొమ్మిదో ఉపవాసం. సాయంత్రం మా కింది వాటాలో ఉండే దాదీ ఒక్కతే డాబా ఎక్కి వచ్చేసరికి ఆశ్చర్యపోయాను. కళ్లలో శుక్లాలు ముదిరి మూడేళ్లుగా ఆమె చంద్రుణ్ణి చూడలేదు. పోయిన నెల ఆపరేషన్ అయింది కాబట్టి ఈసారి నెలపొడుపు తనే చూడాలని ఆశ.

"కొండ అడ్డమొచ్చిందే. మళ్లీ మసీదు మైకే నాకు దిక్కు" అంది దిగులుగా.

నిజమే, మా వన్ టౌన్ డాబాకు పడమటంతా కొండే. ఆ సన్నని వంకేమో చూస్తుండగానే దిగిపోతుంది. దాదీ ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విరమించగానే ఆటో ఎక్కించి బ్యారేజీ మీదికి తీసుకెళ్లాను. అక్కడ రెండు కొండల మధ్య, కృష్ణ మీద, ఆకాశం బార్లా తెరుచుకుని ఉంది. నేనింకా వెతుకుతుండగానే దాదీ నా భుజం గట్టిగా పట్టుకుంది. గులాబీ రంగు వెలుగులో గోటి గీతంత నెలవంక.

దువా చేసి, వెంటనే కళ్లు మూసుకుంది.

"ఏమైంది దాదీ? మండుతున్నాయా?"

"కాదే పిల్లా. చాంద్ చూశాక ఇష్టమైనవాళ్ల ముఖం చూడాలి. ఎదురుగా వచ్చి నిలబడు."

"నా ముఖమా?"

"మరి ఆటో ఆయన్ని చూడమంటావా? ఈ నెల బాగోకపోతే నిన్నే అడుగుతా."

మా అమ్మమ్మా అచ్చం ఇంతే. మీరైతే ఎవరి ముఖం చూస్తారో చెప్పండి.

దాదీ నెలంతా బాగుండే పూచీ ఇప్పుడు నాది. రేపు పొద్దున్నే కిందికి వెళ్లి, ఆమె కళ్లలో చుక్కల మందు వేసి, పండగ షీర్ ఖుర్మాకు పాలు పొయ్యి మీద పెడతాను.