పెన్‌డ్రైవ్‌లో ఆడగొంతు

మా బాబుకు అప్పుడు ఐదు నెలలు. ప్రొద్దుటూరులో ఉంటున్నాం. మా ఆయన కార్లో పాటలు వింటూ వస్తాడు. ఇంట్లోవాళ్లం ఎక్కబోతుంటే మాత్రం పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుంటాడు. ఒకసారి నేను డోరు తీసేసరికి ఎవరో ఆడమనిషి మాట వినపడి, చటుక్కున ఆగిపోయింది. అడిగితే "ఏం లేదులే" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు.

పులివెందులలో బంధువుల పెళ్లికి బయలుదేరాం. వెనక సీట్లో అత్తమ్మ, ఆమె ఒళ్లో బాబు. ఎర్రగుంట్లలో ఆయన నీళ్ల సీసా కోసం దిగాడు. పెన్‌డ్రైవ్ గేరు పక్కనే ఉంది. వెంటనే పెట్టేశాను. కొడుకు బండారం అత్తమ్మ కూడా వినాలని సౌండు పెంచాను.

రెండు పాటలు దాటించాక ఆ గొంతు వచ్చింది.

"మీయమ్మ చేతికి పిల్లోన్ని ఇయ్యాలంటే నాకు శానా భయమైతాంది. ఆమెకు కండ్లు సరిగా కనపడవు. యాడ జారిడుస్తాదో ఏమో!"

అది నా గొంతే. పుట్టింటి నుంచి ఆయనకు ఫోన్‌లో చెప్పిన మాటలు. ఆయన ఫోన్‌లోంచి పాటలు ఎక్కించిన అంగడివాడు, అందులో రికార్డయిన కాల్స్ కూడా కలిపి ఎక్కించేశాడు.

అత్తమ్మ అరవలేదు. "ఇందమ్మా, నీ బిడ్డ. పట్టుకో" అని బాబును నా ఒళ్లో పెట్టింది.

నీళ్లతో వచ్చిన ఆయన మా ముఖాలు చూసి, "అందుకే గదా నేను పీకేస్తాంటి!" అని తల పట్టుకున్నాడు.

ఆయన మీద అనుమానం ఆ రోజుతో పోయింది. క్షమించమంటే అత్తమ్మ "పోనీలేమ్మా" అంది. కానీ ఇప్పటికీ బాబు ఆమె పక్కనే ఏడుస్తున్నా, "ఎత్తుకోనా?" అని నన్ను అడిగాకే చేతులు చాస్తుంది.